కుడికి గురి

బంతి మళ్ళీ కుడికే పోయింది.

మొదట తిన్నగానే లేచి, చూసేవాడికి ఆశ పుట్టించింది. గాల్లో సగం దూరం పోయాక బుద్ధి మారినట్టు కుడికి వంగి, వంగి, వల దాటి తుప్పల్లో పడింది. యూనియన్ సెక్రటరీ కర్రను నేలకి ఆనించి దాని మూతి వంక చూశాడు, తప్పంతా దానిదే అయినట్టు.

"కోస్తున్నారండీ," అన్నాడు కోచ్ కుర్చీలోంచి లేవకుండానే. "సొరకాయ కోసినట్టు అడ్డంగా కోస్తున్నారు. కోస్తే కుడికే పోతుంది."

"నేను చేసేది కోత పనే కదా మరి. లేతు మిషను మీద ఇనుము కోసే చెయ్యి."

"అక్కడ ఇనుము తిరుగుతుంది, మీరు కదలరు. ఇక్కడ బంతి కదలదు, మీరు తిరగాలి."

ఈ గోల్ఫు ఆట తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. సంచిలో ఉండే కర్రల్లో అన్నిటికన్నా పొడుగైనదాన్ని, బండ తల ఉన్నదాన్ని డ్రైవర్ అంటారు. దూరం పోయే మొదటి దెబ్బ దానితోనే. ఆ దెబ్బకి బంతి కాస్త కుడికి బయలుదేరి, గాల్లో ఎడమకి తిరిగి దారిలోకి వచ్చి పడితే అది డ్రా. కొత్తవాళ్ళ బంతి దీనికి తలకిందులుగా, ఎడమన బయలుదేరి కుడికి జారిపోతుంది. అంతే తేడా. ఆ తేడా కోసం మనుషులు ఏళ్ళకి ఏళ్ళు తగలేసుకుంటారు.

కోచ్ లేచి వచ్చాడు. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి తెచ్చి బంతికి అవతల, కాస్త వెనగ్గా నిలబెట్టాడు. తన భుజం మీది తువ్వాలు తీసి సెక్రటరీ కుడి చంకలో దోపాడు.

"సీసా పడకూడదు. తువ్వాలు జారకూడదు. కర్ర మీ ఒంటి దగ్గర్నుంచి బయటికి పోవాలి. బయట్నుంచి లోపలికి రాకూడదు."

సెక్రటరీ కొట్టాడు. సీసా ఎగిరి వరండా మెట్ల దాకా వెళ్ళింది. బంతి నాలుగడుగులు దొర్లి ఆగింది. తువ్వాలు కాళ్ళ మీద పడింది.

క్లబ్బు వరండాలో కూర్చున్న ఫ్యాక్టరీ మేనేజరు పగలబడి నవ్వాడు. "సెక్రటరీ గారూ, ఆ సీసా కూడా మేనేజిమెంటు మనిషనుకున్నారా ఏమిటి!"

నవ్వుకుంటూనే దిగి వచ్చి సెక్రటరీ భుజం మీద చెయ్యి వేశాడు. "ఆదివారం డైరెక్టరు గారు ఆటకొస్తున్నారు. నలుగురం కావాలి. నాలుగో మనిషి మీరే. ఆఖరి గుంత తెలుసుగా, దారి మోచెయ్యిలా ఎడమకి మడతపడి ఉంటుంది. కుడిపక్కంతా నీళ్ళు. ఈ కోత దెబ్బ అక్కడ కొట్టారంటే బంతితో పాటు నా పరువు కూడా నీళ్ళలోకే. ఈ నాలుగు రోజుల్లో డ్రా పట్టుకోండి."

"ఫ్యాను సంగతో?"

మేనేజరు వేలు ఊపాడు. "ఉహూఁ, ఇక్కడ కాదు. ఈ క్లబ్బులో ఒక కట్టుబాటుంది. ఆఖరి గుంతలో బంతి పడేదాకా పని మాట ఎవడూ ఎత్తడు. ఎత్తినవాణ్ణి మళ్ళీ ఎవడూ పిలవడు. డైరెక్టరు గారికి ఆ పట్టింపు మరీ ఎక్కువ. బంతి పడనివ్వండి, ఆ పక్కనే నిలబడి అడగండి. బాగా ఆడినవాణ్ణి ఆయన కాదనడం నేనింతవరకూ చూడలేదు."

ఇనుప బీరువాలు చేసే ఆ ఫ్యాక్టరీలో, రంగుల గదిలోని గాలిని బయటికి లాగే ఫ్యాను ఎండాకాలం ముందు ఆగిపోయింది. ఇప్పుడు వానలు కూడా వెళ్ళిపోతున్నాయి. గది తలుపు తీసి పెడదామంటే తడి రంగు మీద దుమ్ము పడుతుందని ఫోర్‌మన్ ఊరుకోడు. తలుపేసి కొట్టాలి. కొట్టింది పీల్చాలి. ఫ్యాను తిరగకపోతే సోమవారం నుంచి గదిలో అడుగు పెట్టేది లేదని రంగువాళ్ళంతా మాట అనుకున్నారు. ఆ మాట డైరెక్టరు చెవిన వెయ్యాల్సినవాడు సెక్రటరీ.

మేనేజరు చెప్పింది అతను నమ్మాడు. అతని కాళ్ళకున్న బూట్లు మేనేజరు పాత బూట్లే. అవి కొలిచి కుట్టినట్టు సరిపోవడం కూడా అతనికి మంచి శకునంలాగే తోచింది.

*

మర్నాడు పొద్దున సెక్రటరీ ఇంట్లో, రంగుల గదిలో పనిచేసే అతని బావమరిది పెరట్లో కుళాయి దగ్గర వంగి దగ్గుతున్నాడు. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి మోకాలికి. దగ్గు పూర్తయ్యాక ఉమ్మి, నీళ్ళు వదిలి, కాలితో రుద్దాడు. ఆ వారం ఫ్యాక్టరీలో పచ్చ బీరువాలు. సిమెంటు మీద పడింది కూడా పచ్చగానే ఉంది. పోయిన వారం ఎర్ర రంగు కొట్టినప్పుడు అక్క అది నెత్తురనుకుని ఏడ్చింది. రంగేనని తెలిశాక కూడా ఏడుపు ఆపలేదు.

ఇప్పుడామె చేటతో గదిలోకి వచ్చేసరికి మొగుడు చీపురు తిరగేసి రెండు చేతులా పట్టుకుని, ఎడమ చేతి వేళ్ళ కణుపులు చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఊడుస్తావా?"

"పట్టు చూసుకుంటున్నా. పైనించి చూస్తే మూడు కణుపులు కనబడాలంట. నాకు ఒకటే కనబడుతోంది. అందుకే బంతి కుడికి పోతోంది."

"నా తమ్ముడు పెరట్లో ఊపిరితిత్తులు కక్కుతుంటే నువ్విక్కడ కణుపులు లెక్కబెట్టుకుంటున్నావా?"

"వాడికోసమేనే ఇదంతా."

"అవునవును. వాడికోసం పచ్చగడ్డి మీద షికార్లు కొడుతున్నావు. వాడికోసం దొర బూట్లేసుకున్నావు. రేపు వాడికోసం దొరతో పాటు విందు కూడా తిని వస్తావు, పాపం, ఎంత కష్టం!"

బావమరిది మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. "ఊరుకో అక్కా. బావ ఏం చేసినా దానికో లెక్కుంటుంది. ఏదీ బావా, ఎలా కొడతావో చూపించు."

సెక్రటరీ ఆగలేకపోయాడు. కుడి కాలు వెనక్కి లాగాడు. మోచెయ్యి ఒంటికి ఆనించి చీపురు వెనక్కెత్తాడు. తిప్పాడు. పైన వేలాడుతున్న బల్బు ఠప్పున పేలి ముక్కలు నెత్తిన పడ్డాయి.

బావమరిది నవ్వాడు. నవ్వు సగంలోనే దగ్గయింది. దగ్గుతూనే మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఆమె మొగుడి చేతిలోంచి చీపురు లాక్కుని గాజు ముక్కలు ఊడ్చింది.

*

శనివారం భోజనాల వేళ లేతు మిషను వెనక ఇరుకు సందులో సెక్రటరీ ఇనుప గొట్టం ఒకటి పట్టుకుని తిరుగుతున్నాడు. కొట్టడానికి జాగా లేదు. కుడి ముంజెయ్యి ఎడమ ముంజేతి మీదుగా ఎలా దొర్లాలో అది ఒక్కటే చేస్తున్నాడు, మెల్లగా, మళ్ళీ మళ్ళీ. తినడం అయిపోయినవాళ్ళు చుట్టూ చేరారు.

"దాని పేరు డ్రైవరంటగా," అన్నాడు ముసలి పెయింటరు చెయ్యి కడుక్కుంటూ. "బాగుంది. యూనియన్‌కి కారు రాకముందే డ్రైవరొచ్చాడు."

అంతా నవ్వారు, సెక్రటరీ కూడా. నవ్వు సద్దుమణిగాక ముసలాయన దగ్గరికొచ్చి, "ఓసారి గదిలోకి రా నాయనా," అన్నాడు.

రంగుల గదిలో ఆ వేళప్పుడు స్ప్రే ఆగి ఉంది. అయినా కళ్ళు మండాయి. గోడలు, దూలాలు, ఆగిపోయిన ఫ్యాను రెక్కలు, అన్నిటి మీదా రంగుల దుమ్ము పొరలు పొరలుగా పేరుకుంది. ముసలాయన రంగు చిమ్మడానికి గాలి కొట్టే కంప్రెసరు వెనక్కి తీసుకెళ్ళి కిందికి చూపించాడు. నేలలోకి దిగేసిన బోల్టుల చుట్టూ తడిగా మెరుస్తోంది. నట్ల అంచుల్లో రంగు చెక్కు లేచి, తెల్లటి ఇనుము కనబడుతోంది.

"నిన్న లేదిది."

సెక్రటరీ వంగి బొటనవేలితో రాసి వాసన చూశాడు. తుప్పు వదిలించే నూనె. బిగించేవాడెవడూ అది పొయ్యడు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"సర్వీసింగ్‌కి అయ్యుంటుంది," అన్నాడు.

"ఫ్యాను బాగు చెయ్యనివాడు కంప్రెసరు సర్వీసింగ్ చేయిస్తాడా? ఎత్తుకుపోతారు నాయనా. గదే ఎత్తేసి రంగు పని బయటెవడికో ఇచ్చేస్తారు. ఫ్యాను అడిగేవాడే ఉండడు. ఈ సాయంత్రం నుంచే గేటు ముందు కూర్చుందాం, వంతులేసుకుని. మనుషులున్న గేట్లోంచి మిషను ఎలా పోతుందో చూద్దాం."

వెనకే వచ్చి నిలబడినవాళ్ళు "అవునన్నా" అన్నారు.

సెక్రటరీ చేతిలో ఇనుప గొట్టం ఇంకా ఉంది. దాన్ని గోడకి ఆనించాడు. "రేపు డైరెక్టరుతో మాట్లాడబోతున్నా. ఇవాళ గేటుకి అడ్డం కూర్చుంటే రేపు నేను ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఒక్క రోజు. సోమవారం ఫ్యాను తిరగకపోతే గేటు ముందు మొదట కూర్చునేది నేనే."

ముసలాయన బోల్టు వంకే చూస్తున్నాడు. బావమరిది ముక్కుకి గుడ్డ కట్టుకుంటూ, "బావ చెప్పాడుగా. ఇంకేంటి? పదండి, గంట కొట్టేశారు," అన్నాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మూతులకి గుడ్డలు కట్టుకున్నారు. సెక్రటరీ బయటికి వచ్చాడు. వెనక తలుపు మూసుకుంది.

*

ఆ సాయంత్రం కోచ్ సీసా పెట్టలేదు, తువ్వాలు దోపలేదు. సెక్రటరీ పక్కనే నిలబడి, అతను చూసేవైపే చూశాడు.

"మీ రోగం చేతుల్లో లేదండీ, భయంలో ఉంది. కుడికి పోతుందేమోనని బంతిని ఎడమకి లాగుతున్నారు. లాగేకొద్దీ అది కుడికే పోతుంది. ఎక్కడ పడుతుందని భయమో అక్కడే ఒక గుర్తు పెట్టుకోండి. తిన్నగా దాని మీదికే పంపండి. తిరిగి రావడం దాని పని."

కుడిపక్క వల చివర ఒక స్తంభం ఉంది. సెక్రటరీ పాదాలు, భుజాలు స్తంభం వైపు తిప్పుకున్నాడు. కర్ర మూతి మాత్రం బంతి ఎక్కడ పడాలో అటు ఉంచాడు. మూడు కణుపులు చూసుకున్నాడు. ఊపిరి వదిలాడు.

తగిలినట్టే లేదు. చేతులకి ఏమీ తెలియలేదు. బరువైన పెట్టె మూత దానంతటది మూసుకున్నట్టు ఒక్క చప్పుడు. బంతి స్తంభం మీదికే పోయింది, పోయింది, ఇక అయిపోయిందనుకునేలోగా ఎవరో పిలిచినట్టు ఎడమకి ఒరిగింది. మెల్లగా తిరిగి, తిరిగి, మైదానం నడుమ పడి, పడ్డాక కూడా ముందుకి పరుగెత్తింది.

"అదీ!" అన్నాడు కోచ్.

సెక్రటరీ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇంకోటి పెట్టాడు. కుడికే పోయింది. ఇంకోటి. మళ్ళీ తిరిగింది. ముదురు చర్మం కింద బొబ్బ లేచి చిట్లింది. జేబురుమాలు చుట్టుకుని కొట్టాడు. అతను ఇంతవరకూ నేర్చిన ప్రతి పనికీ ఒక యజమాని ఉన్నాడు. లేతు నేర్చాడు, ఎవడికో లాభం. నెమ్మదిగా మాట్లాడ్డం నేర్చాడు, ఎవడి ముందో నిలబడ్డానికి. ఇది ఒక్కటే ఎవరికీ పనికిరానిది, పూర్తిగా తనది అనిపించింది. పనికిరానిది చేతికి ఇంత హాయిగా ఉంటుందని అతనికి తెలియదు. తెలిసే అవకాశం ఎవడిచ్చాడు గనక!

ఇంటికి నడుస్తుంటే గుర్తొచ్చింది, ఆ సాయంత్రమంతా ఫ్యాను తన బుర్రలోకే రాలేదని. సిగ్గేసింది. ఆ సిగ్గు వీధి మలుపు దాకా కూడా నిలవలేదు. మలుపు దగ్గర నిలబడి, చుట్టూ చూసి, ఎవరూ లేరని ఖాళీ చేతులతో ఒకసారి ఊపాడు.

*

ఆదివారం డైరెక్టరు రాలేదు.

"చిన్న పనిబడింది. ఆఖరి గుంత దగ్గర కలుస్తారు," అన్నాడు మేనేజరు. ఆయన, ఆయన స్నేహితుడొకాయన, సెక్రటరీ, ముగ్గురే బయలుదేరారు. ఆటలోకి ఫోన్లు తేకూడదని క్లబ్బు నియమం. ముగ్గురూ అరల్లో పెట్టి తాళాలేశారు. సెక్రటరీ తన తాళం చెవి జేబులో వేసుకుని, అది ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

అతను బాగా ఆడలేదు, అధ్వాన్నంగానూ ఆడలేదు. దారంతా మేనేజరు జోకులు చెప్పాడు. సెక్రటరీ నాలుక మీదికి ఫ్యాను రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ మింగాడు. కట్టుబాటు కట్టుబాటే.

ఆఖరి గుంతకి మొదటి దెబ్బ చిన్న గుట్ట మీంచి కొట్టాలి. కింద దారి ఎడమకి మడత తిరిగి పోతోంది. కుడిపక్క నీళ్ళు. నీళ్ళకి అవతల గట్టు, గట్టు వెంట ఫ్యాక్టరీ షెడ్ల వైపు పోయే రోడ్డు. మేనేజరు, స్నేహితుడు కొట్టేసి పక్కకి తప్పుకున్నారు.

సెక్రటరీ బంతి పెట్టి వెనక్కి వచ్చి నిలబడ్డాడు. కుడికి గుర్తు కావాలి. నీళ్ళు దాటి, రోడ్డు పక్కనున్న ప్రకటన బోర్డు కాలు మీద చూపు ఆన్చాడు.

బోర్డు కాలు ముందు నుంచి ఒక క్రేను పోయింది. మెల్లగా, మెడ మడుచుకుని. దాని వెనక ఒక ట్రైలరు. నేలకి తగులుతుందా అన్నంత కిందికున్న రకం, బరువు మిషన్లు తప్ప ఇంకేమీ ఎక్కించనిది. దాని వెనక ఇంకోటి. రెండూ ఖాళీ. ఆదివారం. ఆ రోడ్డు మీద షెడ్లన్నీ మూసి ఉంటాయి. క్రేను ఎటు పోతోందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. బొటనవేలి మీది నూనె వాసన మళ్ళీ ముక్కుకి తగిలినట్టయింది.

వెళ్ళొచ్చు. కర్ర ఇక్కడే పడేసి గుట్ట దిగి, ఫోను తీసుకుని, ఆటో ఎక్కితే వాళ్ళు తాళ్ళు కట్టడం మొదలుపెట్టేలోగా గేటు దగ్గరుంటాడు. ఇదంతా అతను పొల్లు పోకుండా ఆలోచించాడు. తెలియలేదనడానికి లేదు.

"ఏంటాలస్యం సెక్రటరీ గారూ?" అన్నాడు మేనేజరు వెనకనించి. ఆయన కూడా రోడ్డు వైపే చూస్తున్నాడు. "భయమేస్తోందా?"

సెక్రటరీ బంతి దగ్గరికి నడిచాడు. ఒక్క దెబ్బ. కొట్టేసి పోదాం. పాదాలు బోర్డు వైపు తిప్పాడు. కణుపులు చూసుకున్నాడు. బోర్డు కాలు ముందు రెండో ట్రైలరు తోక ఇంకా కనబడుతోంది. దాని మీదికే కొట్టాడు.

తగిలినట్టే లేదు. బంతి నీళ్ళ మీదుగా రోడ్డు వైపే లేచి, ట్రైలరు వెనకాలే పోతున్నట్టు పోయి, అక్కడ తిరిగింది. గట్టునీ నీళ్ళనీ వదిలేసి, దారి మడత వెంట తనూ మడత తిరిగి, మిగతా ఇద్దరి బంతులూ దాటి పడింది.

మేనేజరు నిజంగానే చప్పట్లు కొట్టాడు. అందులో నటన లేదు.

సెక్రటరీ పరుగెత్తలేదు. అంత మంచి దెబ్బ కొట్టి బంతిని అక్కడ వదిలేసి పోతాడా ఎవడన్నా? నడిచాడు. రెండో దెబ్బ కొట్టాడు. గుంత దగ్గర వంగి వాలు చూసుకున్నాడు. నెట్టాడు. బంతి గుంతలో పడిన చప్పుడు విన్నాక తలెత్తి, "ఫ్యాను సంగతి," అన్నాడు.

"ఆ సమస్య తీరిపోయిందండీ," అన్నాడు మేనేజరు చేతి తొడుగు ఊడదీసుకుంటూ. "రంగు పని బయటికిచ్చేశాం. డైరెక్టరు గారు అక్కడే ఉండి ఎక్కిస్తున్నారు. ఇక మీవాళ్ళెవరూ ఆ గాలి పీల్చక్కర్లేదు." చెయ్యి చాపాడు. "ఏం కొట్టారండీ, అబ్బ!"

సెక్రటరీ ఆ చెయ్యి పట్టుకోలేదు. కానీ ఒక్క క్షణం, ఆ పొగడ్త విన్న క్షణం, ఒళ్ళు వెచ్చబడింది.

*

గేటు బార్లా తీసి ఉంది. రోడ్డు మీద లోతుగా దిగిన టైర్ల జాడలు. రంగువాళ్ళంతా గేటు బయట నిలబడి ఉన్నారు. లోపల రంగుల గది గోడ పగలగొట్టి ఉంది. మొదటిసారి ఆ గదిలోకి గాలి ధారాళంగా పోతోంది.

సెక్రటరీ ఆటో దిగేసరికి అంతా చుట్టుముట్టారు.

"ఎన్నిసార్లు ఫోన్ చేశామన్నా! వాచ్‌మన్ చెప్పగానే పరిగెత్తుకొచ్చాం. అడ్డం నిలబడ్డాం కూడా."

"నిలబడితే డైరెక్టరేమన్నాడో తెలుసా? 'మీ సెక్రటరీకి తెలిసే జరుగుతోంది, ఆయన మేనేజరుతోనే ఉన్నాడు, కావాలంటే అడుక్కోండి' అన్నాడు. అడుగుదామంటే నీ ఫోను మోగుతూనే ఉంది. నువ్వు ఒప్పుకున్నావేమోననుకుని పక్కకి తప్పుకున్నామన్నా."

"ఫోన్లు అరలో పెట్టి తాళమెయ్యాలి అక్కడ," అన్నాడు సెక్రటరీ. అది నిజమే.

"చూశారా! నే చెప్పలా?" ముసలి పెయింటరు గొంతు పెంచాడు. "కావాలనే కట్టేశారు మనవాణ్ణి. ఫోను లాక్కుని, రెండు ముక్కలు తియ్యగా మాట్లాడి అక్కడ కూర్చోబెట్టారు. నీ తప్పేముంది నాయనా? ఎక్కు, ఎలా మోసం చేశారో అందరికీ వినబడేలా చెప్పు."

వాచ్‌మన్ స్టూలు తెచ్చి వేశారు. ఎవరో చేతి మైకు తెచ్చి అతని చేతిలో పెట్టారు. బొబ్బ మీద దాని పిడి ఒరుసుకుంది. స్టూలెక్కాడు. అందరి మొహాలూ పైకెత్తి ఉన్నాయి. అందులో అనుమానం ఒక్కటీ లేదు. ఒక్కటన్నా ఉంటే బాగుండుననుకున్నాడు. మోసం మాట నాలుక మీద తయారుగా ఉంది. చెప్పేస్తే చాలు, చప్పట్లు కూడా కొడతారు. ఈ పూట ఇప్పటికే ఒకసారి చప్పట్లు కొట్టించుకున్నాడు.

"లారీలు చూశాను," అన్నాడు మైకులో.

ఎవరికీ అర్థం కాలేదు.

"గుట్ట మీంచి చూశాను. క్రేనూ, రెండు ట్రైలర్లూ. ఇటే వస్తున్నాయని తెలుసు. ఎందుకొస్తున్నాయో కూడా తెలుసు."

"అయితే రాలేదేం?" ముసలాయన అడిగాడు. కోపంగా కాదు, సరిగా వినపడనివాడిలా.

సెక్రటరీ ఆలోచించాడు. వేరే కారణం ఏదన్నా ఉందేమోనని నిజంగానే వెతికాడు.

"ముందు బంతి కొట్టాలనిపించింది."

వెనకెవరో ఒకడు ఫక్కున నవ్వి వెంటనే ఆపేశాడు. ముసలాయన తల దించుకుని చెప్పులతో నేల రాస్తున్నాడు. బావమరిది మనుషుల్ని తప్పించుకుంటూ ముందుకి వచ్చాడు. అందరూ కొడతాడనే అనుకున్నారు. స్టూలు దగ్గర ఆగి తలెత్తాడు.

"తగిలిందా బావా?"

"తగిలింది."

"తిరిగిందా?"

"తిరిగింది."

"అనుకున్న చోటే పడిందా?"

సెక్రటరీ తలూపాడు.

బావమరిది చెయ్యి చాపాడు. సెక్రటరీ మైకు ఇచ్చి స్టూలు దిగాడు. దిగినవాడికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. జనం అతనికి దారి ఇచ్చారు గానీ చోటివ్వలేదు.

బావమరిది ఎప్పుడూ నలుగురిలో మాట్లాడినవాడు కాదు. స్టూలెక్కి, మైకు మీట ఎక్కడుందో వెతుక్కుని నొక్కాడు. మాట రాలేదు. దగ్గు వచ్చింది. గేటు మీదుగా, బద్దలైన గోడ మీదుగా, మూసి ఉన్న షెడ్లన్నిటి మీదుగా ఆ దగ్గు మోగింది. అతను మీట మీంచి వేలు తియ్యలేదు. కింద ఎవరూ కదల్లేదు, అది పూర్తయ్యేదాకా.